స్క్రీన్‌ను చదివే మోడల్‌ను మార్చే ముందు

(మాదాపూర్‌లో టెస్టింగ్, ఆటోమేషన్ ఇంజినీర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. సెలవు రోజున, అదీ భోజనాలయ్యాక ఇంతమంది వచ్చారు, సంతోషం. నేరుగా విషయంలోకి వెళ్తాను.

మీలో చాలామంది చేసే పని ఏమిటో నాకు తెలుసు. గచ్చిబౌలిలోనో రాయదుర్గంలోనో కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఉన్న ఇన్సూరెన్స్ సిస్టమ్‌లో బాట్ చేత, అంటే మనిషి బదులు తానే క్లిక్ చేసే ప్రోగ్రామ్ చేత, క్లెయిములు ఎంట్రీ చేయిస్తుంటారు. లేదంటే ఏదో యాప్‌కు కొత్త బిల్డ్ వచ్చినప్పుడల్లా టెస్టులు నడుపుతుంటారు. వెబ్ పేజీ అయితే పెద్ద బాధ లేదు. బటన్‌కు ఐడీ ఉంటుంది, పేజీలో దాని చోటు చెప్పే ఎక్స్‌పాత్ ఉంటుంది. విండోస్ అప్లికేషన్ అయితే బటన్లన్నింటి జాబితా లాంటి యూఐ ఆటోమేషన్ ట్రీ ఉంటుంది. సిట్రిక్స్ లాంటి రిమోట్ డెస్క్‌టాప్ అయితే మాత్రం మన మిషన్‌కు చేరేది వట్టి బొమ్మ. అందులో బటన్ అంటూ ఏదీ ఉండదు, పిక్సెళ్లు ఉంటాయి. ఆ పిక్సెళ్లలో బటన్ ఏది, చెక్‌బాక్స్ ఏది అని పోల్చుకోవడానికే మనం కంప్యూటర్ విజన్‌ను, అంటే బొమ్మను చూసి అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్‌ను, పెట్టుకున్నాం. అందులో గుర్తుపట్టే పని చేసేదాన్నే మోడల్ అంటాం.

అలాంటి సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా ఎలా కట్టాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. రోజూ నడుస్తున్నదాన్ని ఎలా మార్చాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇవాళ అప్‌డేట్ గురించే మాట్లాడతాను. గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త మోడల్ ఎంత ఎక్కువ గుర్తుపడుతోందని తర్వాత చూద్దురు గాని, పాతది సరిగ్గా పట్టుకున్నవాటిలో కొత్తది వేటిని వదిలేస్తోందో ముందు తేల్చుకోండి.

వెనక్కి వెళ్లి కాస్త చరిత్ర చెబుతాను. 2009లో ఎంఐటీ పరిశోధకులు సికులి అనే టూల్ తెచ్చారు. బటన్ బొమ్మను కత్తిరించి స్క్రిప్టులో పెడితే, స్క్రీన్ మీద అలాంటి బొమ్మ ఎక్కడుందో వెతికి క్లిక్ చేసేది. లోపల ఉన్నది ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీ, చేసేది టెంప్లేట్ మ్యాచింగ్, అంటే బొమ్మను బొమ్మతో పోల్చడం. ఇప్పటికీ ఎన్నో ఆఫీసుల్లో అదే నడుస్తోంది, దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే దాని బలహీనత మనందరికీ అనుభవమే. విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతం నుంచి 125 చేస్తే 32 పిక్సెళ్ల ఐకాన్ 40 అవుతుంది. ఇక ఆ టెంప్లేట్ పని అయిపోయినట్టే. ఎవరో డార్క్ మోడ్ ఆన్ చేసినా అంతే. తర్వాత నేర్చుకునే మోడళ్లు వచ్చాయి. 2017లో విడుదలైన రికో డేటాసెట్‌లో దాదాపు 9,700 ఆండ్రాయిడ్ యాప్‌ల నుంచి సేకరించిన 66 వేలకు పైగా స్క్రీన్లు ఉన్నాయి. అలాంటి డేటా మీద యోలో వంటి డిటెక్టర్లకు, అంటే బొమ్మలో ఏది ఎక్కడుందో పెట్టె గీసి చూపే మోడళ్లకు, శిక్షణ ఇవ్వడం మొదలైంది. 2024లో మైక్రోసాఫ్ట్ ఓమ్నీపార్సర్‌ను విడుదల చేసింది. దానికి స్క్రీన్‌షాట్ ఇస్తే క్లిక్ చేయదగ్గ ప్రతి చోటా పెట్టె గీసి, ఒక్కో ఐకాన్ దేనికో మాటల్లో చెబుతుంది. ఏడాది తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, రెండో వెర్షన్ వచ్చింది. ఈ వేగం వల్లే మన మీద ఒత్తిడి పెరిగింది. మేనేజర్ ఏదో చదువుతారు, "కొత్తది వచ్చిందట కదా, మనమెందుకు మారలేదు?" అంటారు. మారండి, నేను వద్దనను. ఎలా మారాలన్నదే నా బాధ.

ఈ మోడళ్ల పుట్టుక ఫోటోల్లో ఉంది. కుక్కలు, కార్లు, మనుషులు. వాటికి సరిపోయిన అలవాట్లు స్క్రీన్ దగ్గరికొచ్చేసరికి బెడిసికొడతాయి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అప్‌డేట్‌లో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మొదటిది సైజు. చాలా డిటెక్టర్లు బొమ్మను 640 పిక్సెళ్ల చదరంలోకి కుదించుకుని చూస్తాయి. మన స్క్రీన్ 1920 బై 1080. అంటే మూడో వంతుకు కుదింపు. 16 పిక్సెళ్ల ఐకాన్ అయిదు పిక్సెళ్ల చుక్క అయిపోతుంది. ఆ అయిదు పిక్సెళ్లలో అది డిలీట్ గుర్తో, ఎడిట్ గుర్తో మనిషి కంటికే తెలియదు. ఫోటోల పరీక్షల్లో వాడే కోకో డేటాసెట్ లెక్కలో 32 బై 32 కంటే చిన్నదంతా 'చిన్న వస్తువు' కింద వస్తుంది. మన టూల్‌బార్‌లో ఉండేవి దాదాపు అన్నీ అవే! కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ఇన్‌పుట్ సైజు ఎంతో ఎవరైనా చూశారా? పాత కాన్ఫిగ్‌లో మీ ముందున్నవాళ్లు 1280 అని పెట్టి ఉంటారు, కొత్తది డిఫాల్ట్‌గా 640కి వెళ్లిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. పెద్ద బటన్లన్నీ చక్కగా దొరుకుతాయి, చిన్నవి ఒక్కొక్కటే మాయమవుతాయి. స్క్రీన్‌ను ముక్కలు చేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి కాస్త పడేలా చూసుకుని, ఒక్కో ముక్కను విడిగా మోడల్‌కు ఇవ్వడం నా దృష్టిలో మంచి పద్ధతి. టైం పెరుగుతుంది, నిజమే. బాట్ అర సెకను ఆలస్యంగా క్లిక్ చేస్తే కొంపలేమీ మునగవు.

రెండోది శిక్షణకు ఇచ్చే బొమ్మల్లో కావాలని చేసే మార్పులు, అదే ఆగ్మెంటేషన్. ఫోటోను అద్దంలోలా కుడి ఎడమలు తిప్పితే కుక్క కుక్కే. అందుకని అల్ట్రాలిటిక్స్ యోలోలో ఈ ఫ్లిప్ డిఫాల్ట్‌గానే ఉంటుంది, సగం బొమ్మలకు పడుతుంది. స్క్రీన్ మీద 'వెనక్కి' బాణాన్ని తిప్పితే 'ముందుకు' బాణం అవుతుంది. లేబుల్ మాత్రం 'వెనక్కి' అనే ఉంటుంది. మోడల్‌కు మనమే తప్పు నేర్పుతున్నాం. రంగుల మార్పు కూడా ఇంతే. ఫోటోల్లో రంగు గాఢత తగ్గించి చూపిస్తే మబ్బు పట్టిన రోజు కూడా కారును గుర్తుపట్టడం వస్తుంది. స్క్రీన్ మీద రంగు వెలిసిందంటే దానికో అర్థం ఉంది, ఆ బటన్ ఇప్పుడు పనిచేయదని.

ఇది ఎంతవరకు వెళ్తుందో దగ్గరగా చూశాను. పేరు అనవసరం, ఒక బృందం క్లెయిముల బాట్‌కు కొత్త వెయిట్స్, అంటే మోడల్ నేర్చుకున్నదంతా ఉండే అంకెల ఫైల్, పెట్టింది. రాత్రంతా బాట్ నడిచింది. పొద్దున లాగ్ తీస్తే ఒక్క ఎర్రర్ లేదు, ప్రతి కేసు ఎదురుగా 'సబ్మిట్ క్లిక్ చేయబడింది' అని ఉంది. అటువైపు సిస్టమ్‌లో చూస్తే కొన్ని కేసులు డ్రాఫ్ట్‌లోనే ఆగిపోయి ఉన్నాయి. ఆ కేసుల్లో ఒక తప్పనిసరి గడి నిండలేదు, అందుకని సబ్మిట్ బటన్ బూడిద రంగులోనే ఉంది. పాత మోడల్‌కు బూడిద బటన్ బటన్‌లా కనిపించేది కాదు, దొరకలేదని ఆగిపోయేది, ఎవరో ఒకరు చూసుకునేవాళ్లు. కొత్తది తెలివైనది, వెలిసిన బటన్‌ను కూడా బటన్ అని పట్టుకుంది. క్లిక్ చేసింది. ఏమీ జరగలేదు. ముందుకు వెళ్లిపోయింది. బెంచ్‌మార్క్ లెక్కలో అది మెరుగుదల కిందే వస్తుంది! ఆస్పత్రి బిల్లు కోసం ఎదురుచూస్తున్న మనిషికి మాత్రం అది ఆలస్యం. ఆ బృందం తర్వాత రెండు పనులు చేసింది. బటన్ వేరు, పనిచేయని బటన్ వేరు అని రెండు క్లాసులుగా శిక్షణ ఇచ్చింది. ప్రతి క్లిక్ తర్వాత స్క్రీన్ మారిందా లేదా అని చూసే చెక్ పెట్టింది. రెండోది మీ అందరికీ ఇవాళే చేయగలిగిన పని, మోడల్‌తో సంబంధం కూడా లేదు.

ఇప్పుడు లెక్క సంగతి. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. వంద స్క్రీన్లలో పాత మోడల్ 90 సరిగ్గా చేసింది, కొత్తది 94. రిపోర్టులో నాలుగు పెరిగాయని రాస్తాం. విడదీసి చూస్తే, పాతది తప్పిన పదింటిలో ఎనిమిది బాగుపడి ఉండొచ్చు, పాతది సరిగ్గా చేసిన 90లో నాలుగు చెడి ఉండొచ్చు. బాగుపడిన ఎనిమిదింటి వల్ల మనకు తక్షణం ఒరిగేది తక్కువ, ఎందుకంటే వాటిని ఇన్నాళ్లూ మనుషులు చేస్తూనే ఉన్నారు. చెడిన నాలుగింటిని ఎవరూ చూడటం లేదు, అవి బాగా నడుస్తున్నాయనే నమ్మకంతో ఉన్నారు. కొత్త కళ్లజోడు పెట్టుకున్న రోజు పేపర్ అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి, మెట్టు మాత్రం అడుగు వేసిన చోట ఉండదు. అలాంటి మెట్లు ఎక్కడున్నాయో రిపోర్టులో ముందు పేజీలో రాయండి, సగటు తర్వాత రాయండి.

సగటుతో ఇంకో చిక్కుంది. ఒక స్క్రీన్ మీద అక్షరాలున్న పెట్టెలు వందల్లో ఉంటాయి, చెక్‌బాక్సులు రెండో మూడో. అన్నింటినీ కలిపి కొలిస్తే అక్షరాల పెట్టెలే సగటును లాక్కెళ్తాయి. క్లాసువారీగా చూడండి. పెట్టె ఎంతమేరకు సరిపోయిందనే ఐఓయూ కంటే, పెట్టె నడిమధ్య బిందువు అసలు ఎలిమెంట్ లోపల పడిందా లేదా అన్నది చూడండి. బాట్ క్లిక్ చేసేది అక్కడే.

(సభలోంచి ఒకరు: "సార్, థ్రెషోల్డ్ 0.7 పెడితే సరిపోతుంది కదా? మేం ఎప్పటినుంచో అదే వాడుతున్నాం.")

మంచి ప్రశ్న అడిగారమ్మా. థ్రెషోల్డ్ అంటే ఇంత స్కోరు దాటితేనే ఒప్పుకోవాలనే గీత. సికులిలో డిఫాల్ట్ పోలిక విలువ 0.7. అది రెండు బొమ్మల పోలికకు కొలత. డిటెక్టర్ ఇచ్చే 0.7 తన గుర్తింపు మీద తనకున్న నమ్మకం. రెండూ ఒకే అంకె, సంబంధం లేని కొలతలు. ఒకే కుటుంబంలో వెర్షన్ మారినా ఆ నమ్మకం పంపిణీ మారిపోతుంది. ఒక వెర్షన్ నిజమైన బటన్‌కు 0.9 ఇస్తే, తర్వాతది అదే బటన్‌కు 0.6 ఇచ్చి కూడా మొత్తం మీద మెరుగ్గా ఉండొచ్చు. మీ 0.7 గీత దగ్గర ఆ బటన్ ఆగిపోతుంది. మోడల్ మారిన ప్రతిసారీ, ప్రతి క్లాసుకూ విడిగా, మీ సొంత స్క్రీన్ల మీద ఆ గీత మళ్లీ గీసుకోవాలి. పాత అంకెను కాపీ చేయకండి.

ఇక తెలుగు. ఇది నా మనసుకు దగ్గరి విషయం, కొంచెం ఓపిక పట్టండి. మన రాష్ట్రంలో తెలుగు స్క్రీన్లు పెరుగుతున్నాయి. బ్యాంకు యాప్‌లో భాష మారిస్తే తెలుగు వస్తుంది, ప్రభుత్వ సేవల పేజీలు తెలుగులో వస్తున్నాయి. వాటిని టెస్ట్ చేసే బాట్‌లు మాత్రం ఎక్కువగా ఇంగ్లిష్ స్క్రీన్ల మీద పెరిగినవి. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది, ఏ 'జీ' తోకో 'వై' తోకో కిందికి దిగుతుంది, అంతే. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. 'లక్ష్మి' అన్న ఒక్క మాటలో క కింద ష, దాని కింద మ. ఇంగ్లిష్ అలవాటున్న డిటెక్టర్ పెట్టెను బిగించి గీస్తే కింది ఒత్తు కోసుకుపోతుంది. 'రద్దు' అన్న బటన్‌ను, బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్ 'రదు' అని చదువుతుంది. స్క్రిప్ట్ 'రద్దు' కోసం వెతుకుతుంది, దొరకదు.

మెనూల్లో ఇంకో రకం. వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కు సరిపడా పెట్టి ఉంటారు. తెలుగులోకి మార్చగానే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. డిటెక్టర్ రెండు వరుసలను ఒకే పెట్టెగా చుట్టేస్తుంది. దాని నడిమధ్య అంటే ఎక్కడ? సరిగ్గా రెండు వరుసల సందులో. క్లిక్ ఒకసారి పైదానికి పడుతుంది, ఒకసారి కిందిదానికి. 'టెస్ట్ అప్పుడప్పుడు ఫెయిల్ అవుతోంది, కారణం తెలియదు' అని ఫిర్యాదు టికెట్‌లో రాస్తాం. కారణం అక్కడే కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్‌ను నాలుగింతలు పెద్దది చేసి చూస్తే చాలు.

చేయగలిగినవి ఉన్నాయి. ఓసీఆర్‌కు పంపే ముందు పెట్టెను కిందికి కాస్త ఎక్కువగా, పైకి కాస్త తక్కువగా పెంచండి. ముక్కను రెండు మూడింతలు పెద్దది చేసి పంపండి, టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ ప్రోగ్రాములు స్క్రీన్ సైజు అక్షరాలకు చేసినవి కావు. టెసరాక్ట్‌లో 2018 నాటి నాలుగో వెర్షన్ నుంచి చదివే పద్ధతే మారింది, ఎల్‌ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది. ఇప్పటికీ మూడో వెర్షన్ మీద తెలుగు చదివిస్తున్నవాళ్లు ఉంటే ఆ అప్‌డేట్ ఆలస్యం చేయకండి. అన్నింటికంటే ముఖ్యంగా, మీ పరీక్ష స్క్రీన్లలో తెలుగువి విడిగా ఒక గుంపుగా పెట్టి, దాని ఫలితం విడిగా చూడండి. ఈ ఊళ్లో ఈ పని చేయడానికి మనకు కొరత ఏముంది? హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి 2001లోనే తెలుగు ఓసీఆర్ మీద పరిశోధన పత్రం వచ్చింది. మనకు కూతవేటు దూరంలో ట్రిపుల్ ఐటీలోని సీవీఐటీ పరిశోధన కేంద్రం వాళ్లు భారతీయ భాషల అక్షర గుర్తింపు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. అచ్చు పుస్తకాల మీద వాళ్లు పడ్డ శ్రమలో కొంతైనా స్క్రీన్ల మీద మనం పడాలి.

లైబ్రరీల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇవి మీకు తెలిసినవే. పైథాన్‌లో లెక్కలు చేసే నంపై లైబ్రరీ 2.0 వెర్షన్ 2024 జూన్‌లో వచ్చినప్పుడు పాత నంపైతో కంపైల్ చేసిన ఓపెన్‌సీవీ ప్యాకేజీలు ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయాయి. మోడళ్లను నడిపే లైబ్రరీ పైటార్చ్ 2.6లో వెయిట్స్ లోడ్ చేసే డిఫాల్ట్ మారింది, భద్రత కోసం మంచి మార్పే, కొన్ని పాత ఫైళ్లు మాత్రం తెరుచుకోలేదు. ఇవి నయం, గట్టిగా అరిచి ఆగుతాయి. భయపడాల్సింది నోరెత్తని వాటికి. ఓపెన్‌సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో ఉంచుతుంది, పిల్లో అనే ఇంకో బొమ్మల లైబ్రరీ ఎరుపు నుంచి మొదలుపెడుతుంది. అప్‌డేట్‌లో ఎవరో స్క్రీన్‌షాట్ తీసే లైబ్రరీ మారిస్తే ఎరుపు నీలమవుతుంది. మోడల్ పనిచేస్తూనే ఉంటుంది, ఎర్ర హెచ్చరికలను మాత్రం వదిలేస్తుంది. వెర్షన్లన్నీ లాక్ చేయండి, ఒకసారి ఒక్కటే మార్చండి. లైసెన్స్ కూడా చూసుకోండి. అల్ట్రాలిటిక్స్ యోలో సోర్స్ కోడ్ పంచాలనే షరతున్న ఏజీపీఎల్ లైసెన్స్ కింద వస్తుంది, క్లయింట్‌కు ఇచ్చే ప్రొడక్ట్‌లో పెట్టే ముందు మీ లీగల్ వాళ్లను అడగండి.

మార్చే విధానం నేనైతే ఇలా పెడతాను. పాత మోడల్ క్లిక్ చేస్తుంటుంది. కొత్తది అదే స్క్రీన్‌ను చూస్తుంటుంది, తానైతే ఎక్కడ క్లిక్ చేసేదో రాసిపెడుతుంది, చేయి మాత్రం వేయదు. రెండూ ఒప్పుకోని స్క్రీన్లను మాత్రమే మనిషి చూస్తాడు. అన్నీ చూడాలంటే ఎవరి వల్లా కాదు, తేడా వచ్చినవాటిని చూడొచ్చు. ఆ తేడాల్లో కొత్తదే తప్పు అనిపించినవి తగ్గిపోయాక ఒక పనిని, తక్కువ ప్రమాదం ఉన్నదాన్ని, కొత్తదానికి అప్పగించండి. పాత వెయిట్స్ చెరిపేయకండి. వెనక్కి వెళ్లడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేని ఏర్పాటు ముందే ఉండాలి. రాత్రి రెండింటికి అప్రూవల్ మెయిల్ కోసం ఎదురుచూసే టెన్షన్ ఎవరికీ వద్దు.

ఈ స్క్రీన్‌షాట్లలో మనుషుల పేర్లుంటాయి, ఆధార్ నంబర్లుంటాయి, జబ్బుల పేర్లుంటాయి. 2023లో మన దేశానికి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా ఇది చేయాల్సిందే: దాచే ముందు ఆ గడులను చెరిపేయండి, వాటి చోట అదే పొడవున్న ఉత్తుత్తి అక్షరాలు పెట్టండి. నల్ల పట్టీ వేస్తే మోడల్‌కు నల్ల పట్టీలే అలవాటవుతాయి.

ఇంకొక్క మాట చెప్పి ప్రశ్నలకు వెళ్తాను. ఇదే టెక్నాలజీ 2020లో ఐఓఎస్ 14తో ఐఫోన్‌లోకి వచ్చింది, స్క్రీన్ రికగ్నిషన్ అనే పేరుతో. యాప్ తయారుచేసినవాళ్లు బటన్లకు పేర్లు పెట్టకపోతే, ఫోనే పిక్సెళ్లను చూసి ఇది బటన్, ఇది స్లైడర్ అని చూపులేనివారికి, స్క్రీన్‌ను చదివి వినిపించే వాయిస్‌ఓవర్ ద్వారా చెబుతుంది. దాని వెనక పరిశోధనలో 4,068 యాప్‌ల నుంచి తీసుకున్న 77,637 స్క్రీన్లు ఉన్నాయి. మన బాట్ తప్పు బటన్ నొక్కితే ఒక టికెట్ పెరుగుతుంది. అదే పొరపాటు అక్కడ జరిగితే, డబ్బు పంపబోతున్న ఒక మనిషికి తన ఫోనే అబద్ధం చెప్పినట్టు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. కేవైసీలో చూపులేనివారు, యాసిడ్ దాడి బాధితులు పడుతున్న ఇబ్బందుల మీద వచ్చిన తీర్పు అది. కాబట్టి యాప్ మీ చేతిలోనే ఉంటే విజన్ మోడల్ దాకా వెళ్లకండి. ప్రతి ఐకాన్‌కూ కంటెంట్ డిస్క్రిప్షన్, అంటే అది దేనికో చెప్పే మాట, రాయండి, తెలుగు యాప్ అయితే తెలుగులో రాయండి. ఆండ్రాయిడ్‌లో వాయిస్‌ఓవర్ పని చేసే టాక్‌బ్యాక్ దాన్ని చక్కగా చదువుతుంది, మీ టెస్టులకూ బటన్ పేరు పెట్టి దొరుకుతుంది. మన చేయి పడని స్క్రీన్ల కోసమే విజన్‌ను ఉంచండి.

(ప్రశ్న: "అన్నా, మా ప్రాజెక్టులో పాత స్క్రీన్‌షాట్లు దాచలేదు. పోల్చడానికి ఏమీ లేదు. ఏం చేయమంటారు?")

లేకపోతే ఇవాళ్టి నుంచి మొదలుపెట్టు తమ్ముడూ. బాట్‌లో క్లిక్‌కు ముందు ఒక బొమ్మ, క్లిక్ తర్వాత ఒక బొమ్మ సేవ్ అయ్యేలా రెండు లైన్లు రాయి. క్లిక్ చేసిన చోటు, మోడల్ వెర్షన్, డిస్‌ప్లే స్కేలింగ్ ఎంతో కూడా పక్కన రాయి, తర్వాత అవే కావాల్సి వస్తాయి. వ్యక్తిగత వివరాలు చెరిపేశాకే డిస్క్ మీదికి వెళ్లాలి. రెండు మూడు రోజుల్లో వేల బొమ్మలు వస్తాయి, చూడ్డానికి ఎక్కువగానే ఉంటాయి, అయినా ఆగు. జీతాల స్క్రీన్లు, ఖాతాలు ముగించే స్క్రీన్లు, 'ఈ పీరియడ్ క్లోజ్ అయింది' అనే డబ్బా, ఇవన్నీ నెలాఖరుకే వస్తాయి. ఆ డబ్బాలు కూడా నీ ఫోల్డర్లో పడేదాకా కొత్త వెయిట్స్‌ను ముట్టుకోకు.